కాలని చేతుల కోడలు

"పట్టకారా? నీ చేతులుండగా ఇంట్లో పట్టకారెందుకోయ్?"

పొంగుతున్న పాలగిన్నెని రెండు చేతులా పట్టుకుని, పొయ్యి మీంచి దించి గట్టు మీద పెడుతుంటే వెనకనుంచి భర్త అన్న మాట అది. కొత్త మాటేం కాదు. పట్టకారు విరిగిపోయి ఏళ్ళు దాటాయి. ఆమె కొత్తది అడిగినప్పుడల్లా ఆయన అదే గుమ్మానికి ఆనుకుని, అదే నవ్వు నవ్వి, అదే మాట అంటాడు. చెడ్డవాడనుకునేరు, కాదు. గొంతెత్తి అరవడు, చెయ్యెత్తి కొట్టడు, కాఫీ బాగుంటే బాగుందనీ బాగోకపోతే ఇంకాస్త బాగుండేదనీ చెప్పే మర్యాదస్తుడు. కాకపోతే ఆయనకి కొన్ని గట్టి నమ్మకాలున్నాయి. సూర్యుడు తూర్పున పొడుస్తాడు. తాళంచెవులు పెట్టినచోట ఉండవు. తన భార్య చేతులు కాలవు. వీటికి రుజువు అడిగేవాణ్ణి ఆయన పిచ్చివాడికింద జమకడతాడు.

చేతులు కాలని ఈ కోడలి కథ ఎలా మొదలైందో చెప్పుకోవాలి. ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారంలోనే మొదలైంది. ముందుగది నిండా చుట్టాలు. లోపల పొయ్యి మీద పాలు కుతకుతమంటూ గిన్నె అంచుకి ఎగబాకుతున్నాయి. మసిగుడ్డ ఏ మూల ఉంటుందో కొత్తకోడలికి తెలీదు. అడిగితే, "ఈమాత్రం తెలీదా, మీ ఇంట్లో పొయ్యి లేదా?" అంటారేమోనని బెదురు. పాలు పొంగిపోతే ఆ మాట ఎలాగూ అంటారు. అంచేత ఆ పిల్ల పళ్ళు బిగబట్టి, ఒట్టిచేతులతో గిన్నె పట్టుకుని, నాలుగడుగులు నడిచి ముందుగదిలో బల్ల మీద పెట్టింది. చప్పుడు చెయ్యలేదు. నోరెళ్ళబెట్టిన చుట్టాల వైపు అత్తగారు గర్వంగా తిరిగి, "చూశారా మా కోడలి చేతులు! వేడన్నది తగలదు!" అంది.

అంతే. కథ పుట్టింది.

పుట్టిన కథ ఊరుకుంటుందా, పెరిగింది. మరుసటి ఏటికి పాలగిన్నె కాస్తా సలసలమరిగే నూనె మూకుడైంది. ఆ మరుసటి ఏటికి పొయ్యిలోంచి నిప్పుకణికని తీసి అరచేతిలో దొర్లించుకుంటూ మాట్లాడిందన్నారు. మరిది మీసాలొచ్చే వయసుకి దానికో చిలవ చేర్చాడు: ఓ చలిరోజున ఇంట్లో కుంపటి లేకపోతే వదిన చేతులు చాపి కూర్చుందట, ఇంటిల్లిపాదీ ఆ చేతుల దగ్గర చలి కాచుకున్నారట. అత్తగారి చేతిలో ఇంకో పదేళ్ళు పడితే ఆ కథ, సూర్యుణ్ణి మూకుట్లో పెట్టి దించేదాకా వెళ్ళేదే. ఆవిడ నోట్లో ఏ సంగతి పడినా నలుగురు మనుషుల తిండి తిని లావెక్కి బయటికొస్తుంది.

కథలో లేని సంగతి ఒకటుంది. ఆ మొదటిరోజు పాలగిన్నె బల్ల మీద పెట్టాక కొత్తకోడలు మెల్లిగా పెరటి గుమ్మం దాటింది. గుమ్మం పక్కన నీలం బకెట్ ఉంది. నిండా చల్లటి నీళ్ళు. అందులో మోచేతుల దాకా ముంచి, తలవంచి, అనాల్సిన మాటలన్నీ ఆ బకెట్‌తో అంది. అప్పట్నుంచీ ఏ మాటున్నా బకెట్‌తోనే. ముందుగదిలో ఎవరో వస్తారు, అత్తగారు కథ చెబుతుంది, "ఏదీ, ఒక్కసారి తెచ్చి చూపించమ్మాయ్" అంటుంది, ఈమె తెచ్చి చూపిస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఈమె బకెట్ దగ్గరకి వెళుతుంది.

ఆ బకెట్ సంగతి మాత్రం ఆమెకి ఎప్పుడూ వింతే. ఆ ఇంట్లో ఏదీ తనంతట తాను నిండదు. మంచినీళ్ళ సీసా ఖాళీ అయితే ఖాళీగానే బల్ల మీద నిలబడి ఆమె కోసం ఎదురుచూస్తుంది. చక్కెర డబ్బా అడుగున గీరుకుంటుంది గానీ, నిండుదామన్న ఆలోచన దానికీ రాదు, దాన్ని ఖాళీ చేసినవాళ్ళకీ రాదు. విప్పిన బట్టలు విప్పినచోటే, తిన్న పళ్ళెం తిన్నచోటే, ఎవరో వచ్చి తీస్తారన్న ధీమాతో పడుంటాయి. ఆ ఎవరో ఆమే. అలాంటి ఇంట్లో ఆ నీలం బకెట్ మాత్రం ఎప్పుడెళ్ళినా నిండుగా, చల్లగా ఉంటుంది. కొళాయి కారి నిండుతోందేమోలే అనుకునేది. తాను చెయ్యకుండా తనకోసం జరిగే పని ఆ కప్పు కింద అదొక్కటే. దాని గురించి ఆరా తీస్తే అదీ ఆగిపోతుందేమోనని అడగలేదు.

అవతల ఆమె ఉద్యోగం ఏమిటనుకున్నారు? ఓ ఫ్యాక్టరీలో స్టోర్స్. అందరూ స్టోర్స్ మేడమ్ అంటారు. కిటికీ అవతల పనివాళ్ళు చేతులు చాపుతారు, కిటికీ ఇవతలనుంచి ఈమె ఆ చేతులకి గ్లవ్స్ ఇస్తుంది. వెల్డింగ్ వాళ్ళకి మోచేతి దాకా వచ్చే మందపాటి తోలువి, ఆసిడ్ తొట్టెల దగ్గర పనిచేసేవాళ్ళకి రబ్బరువి, ప్యాకింగ్ వాళ్ళకి అల్లికవి. ఇవ్వడంతో సరిపెట్టదు, "చిరిగినవి వేసుకుని పని చేశావంటే కాళ్ళు విరగ్గొడతాను" అని బెదిరిస్తుంది కూడా. చేతులు బాగుండాలని కాళ్ళు విరగ్గొడతాననే మనిషిని చూసి పనివాళ్ళు నవ్వుకుంటారు, కానీ మాట వింటారు. మేకులు తేలిన చెక్కపెట్టెల మూతలు ఊడదియ్యడానికి తనకీ ఓ జత కావాలని ఆమె ఒకసారి అడిగింది. "స్టోర్స్‌లో కూర్చునేవాళ్ళకి గ్లవ్స్ ఎందుకండీ మేడమ్? అయినా అన్నీ మగవాళ్ళ సైజులే" అన్నాడు మేనేజర్. అని, అదే నోటితో, "పై ఆఫీసునుంచి పెద్దవాళ్ళొచ్చారు, మీ చేత్తో టీ పెడతారా? క్యాంటీన్ టీ వాళ్ళకి సయించదు" అన్నాడు. పెట్టింది. ఆ టీగిన్నె కూడా ఒట్టిచేతులతోనే దించింది. ఎవరో అబ్బురపడ్డారు. "అలవాటేలెండి" అంది. అక్కడ బకెట్ లేదు. చేతులు ఫ్యాక్టరీ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడింది.

అలా ఉండగా, చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ కలిసి ఏటా జరిపే ఆటల పోటీల్లో ఈసారి పిస్టల్ షూటింగ్ చేరింది. ప్రతి జట్టులో ఓ స్త్రీ ఉండి తీరాలన్నది నిబంధన. మేనేజర్ కిటికీలోకి తల పెట్టి, "మేడమ్, మీ పేరు ఇచ్చేశాం. పేరుకేలెండి. మీరు రానక్కర్లేదు, కాల్చనక్కర్లేదు" అన్నాడు. పక్కనున్న ఫోర్‌మన్, "మేడమ్ గ్లవ్స్ చిరిగినప్పుడు చూసే చూపు ఒకటి చూస్తే చాలు సార్, లక్ష్యం దానంతటదే పడిపోతుంది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళారు.

ఆమె కిటికీ మూస్తూ ఆలోచించింది. నా పేరు నన్నడక్కుండా ఎక్కడికో బయల్దేరింది. ఒంటరిగా పోతోంది పాపం, మనిషిని కూడా తోడు పంపితే పోలా?

ఇంట్లో చెబితే పెద్ద వేడుకైంది. "నువ్వా? తుపాకీయా? బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కుతారు మనింట్లో" అన్నాడు భర్త. ఎక్కేది ఎవరో ఇద్దరికీ తెలుసు. హాస్టల్లో ఉన్న కూతురు ఫోన్లో కేకలు పెట్టి సంబరపడింది. అత్తగారు మాత్రం అడగాల్సింది అడిగింది. "సాయంత్రం పాలవేళకి వచ్చేస్తావుగా?"

షూటింగ్ రేంజ్ ఊరి చివర ఓ పొడుగాటి షెడ్డు. ఒక కొసన మనుషులు నిలబడే అరలు, రెండో కొసన ఇసుక దిబ్బ, దాని ముందు కాగితం లక్ష్యాలు. నేర్పే మనిషి పొట్టిగా, గట్టిగా ఉన్న ఓ ముసలావిడ. పోలీసు ఉద్యోగంలో చాలాకాలం ఉండి వచ్చిందట. అందరూ కోచమ్మ అంటున్నారు. గొంతు మాత్రం రెండు వీధుల పొడుగు. ఆ గొంతుకి భయపడే ఆ పక్క చెట్ల మీద కాకులు వాలవని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

తుపాకి చూపిస్తుందనుకుని వెళ్ళిన ఆమెకి కోచమ్మ ముందు ఓ బల్ల చూపించింది. దాని మీద కళ్ళజోళ్ళు, గ్లవ్స్, టోపీలు, చెవులకి పెట్టుకునే డిప్పలు.

"ఇక్కడ ముందు నీ కళ్ళు, నీ చేతులు, నీ చెవులు. తుపాకి తర్వాత. అది ఇనుము, ఎంతసేపైనా కూర్చుంటుంది. కూర్చో."

ఆవిడ కళ్ళజోడు తీసి ఆమె ముఖానికి పెట్టి, పక్కలనుంచి వేలు దూరుతుందేమో చూసింది. కణతల దాకా వంపు తిరిగిన జోడు. మామూలు కళ్ళజోడు చాలదు, పక్క అరలోవాడు కాల్చినదాని ముక్క కూడా పక్కనుంచి వచ్చి కంట్లో పడొచ్చు అంది. టోపీ ముందుకి లాగింది. కాల్చినప్పుడు గుండు తాలూకు ఖాళీ గొట్టం ఎగిరి బయటికొస్తుంది, కాలుతుంటుంది, టోపీ అంచు లేకపోతే తిన్నగా కళ్ళజోడు వెనక్కి జారుతుంది. చొక్కా పై గుండీ పెట్టమంది. మెడలోంచి లోపలికి పడితే నాట్యం వస్తుందట, నేర్చుకోనక్కర్లేకుండానే.

"చేతులు చూపించు, సైజు చూడాలి."

ఆమె చేతులు చాపింది. ఇన్నేళ్ళు కిటికీ ఇవతల కూర్చుని ఎందరి చేతులో చూసిన మనిషికి, కిటికీ అవతల నిలబడ్డట్టు అనిపించి సిగ్గేసింది. కోచమ్మ వాటిని తిప్పి చూసింది. అరచేతుల అంచున, వేళ్ళ కణుపుల దగ్గర తెల్లగా, ఎర్రగా, పాతవీ కొత్తవీ గుర్తులు.

"ఈ మచ్చలేంటమ్మా?"

"గిన్నెలండీ. పర్లేదు, నా చేతులు కాలవు" అంది ఆమె. ఇంటిపేరు చెప్పినంత సులువుగా వచ్చేసింది ఆ మాట.

కోచమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "కాలకపోతే మచ్చెక్కడిది?"

అంతే అని, చిన్న సైజు గ్లవ్స్ జత ఏరి తొడిగింది. పల్చటివి, వేళ్ళకి అతుక్కునేవి. వదులుగా ఉంటే ట్రిగ్గర్ మీద వేలు తెలీదని చెప్పింది. పట్టుకి సాయం చేసే చేతి బొటనవేలు తుపాకి వెనక పెట్టకూడదనీ, కాల్చగానే పైనున్న ఇనుము వెనక్కి దూసుకొచ్చి కోసేస్తుందనీ, వేళ్ళు పట్టుకుని చూపించింది. ఈమె తలాడిస్తోంది గానీ చెవిలో ఒకటే మాట తిరుగుతోంది. కాలకపోతే మచ్చెక్కడిది? ఇన్నేళ్ళలో ఒక్కరికీ రాలేదే ఈ ప్రశ్న. మొగుడికి రాలేదు, అత్తకి రాలేదు, చప్పట్లు కొట్టిన చుట్టాలకి రాలేదు. పోనీ వాళ్ళకి రాలేదు సరే, రోజూ ఆ చేతులతోనే ముఖం కడుక్కునే తనకి ఎందుకు రాలేదు?

చెవులకి డిప్పలు పెట్టుకోగానే లోకం దూరం జరిగింది. తన ఊపిరి తనకే వినిపించింది. ఎవరో ఎక్కడో "నా చొక్కా ఏదీ?" అని అరుస్తున్నా ఇక్కడికి రాదు. ఆ డిప్పలు ఇంటికి పట్టుకుపోతే ఎంత బాగుండు అనుకుని తనలో తనే నవ్వుకుంది.

మొదటి గుండు ఇసుకలోకి పోయింది. రెండోది ఎటు పోయిందో దానికే తెలియాలి. మూడోది కాగితం మూల చింపింది. కాగితం చిరిగినందుకు ఒంట్లో ఎక్కడో చిన్న గంట మోగినట్టయింది. అప్పుడు జరిగింది తప్పు.

కొత్తగా వచ్చినవాళ్ళు చేసే తప్పులన్నీ కోచమ్మకి కంఠతా వచ్చు. కళ్ళు మూసుకునేవాళ్ళు, చప్పుడికి ఉలిక్కిపడేవాళ్ళు, తుపాకిని పట్టుకుని పక్కకి తిరిగి తిట్లు తినేవాళ్ళు. ఈమె వాటిలో ఒక్కటీ చెయ్యలేదు. తుపాకిని చెప్పినట్టే బల్ల మీద పెట్టి, కుడిచేతి గ్లవ్ విప్పి, గబగబా వంగి, నేల మీద దొర్లుతున్న ఖాళీ గొట్టాలు ఏరడం మొదలుపెట్టింది. నేల మీద ఏదన్నా పడితే ఆ నడుము దానంతటదే వంగుతుంది. మెదడుదాకా కబురు కూడా వెళ్ళదు. పక్క అరల్లో ఇంకా కాలుస్తూనే ఉన్నారు.

"ఆపండి! అందరూ ఆపండి!"

చెవుల డిప్పల్ని కూడా చీల్చుకుని వచ్చిందా కేక. షెడ్డంతా చప్పబడిపోయింది. ఆమె ఏరిన గొట్టాలు అరచేతిలో పెట్టుకుని వంగినది వంగినట్టే ఆగిపోయింది. కోచమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కింద పడ్డాయండీ. తీసేద్దామని."

"కాలుస్తున్నప్పుడు నేల మీద ఏం పడ్డా ఎవరూ వంగకూడదు. కాల్పులు ఆగి ఆ ఎర్రదీపం ఆరాక అందరూ కలిసి ఏరతారు. ఎవరిది వాళ్ళు. నువ్వొక్కదానివే అందరివీ ఏరాలని ఎవరు చెప్పారు నీకు?"

ఎవరు చెప్పారని? ఆమె గట్టిగానే ఆలోచించింది. నిజానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

"చెయ్యి తెరువు."

తెరిచింది. గొట్టాలు జారి నేల మీద టింగుమన్నాయి. అరచేతిలో చిన్నచిన్న ఎర్రటి గీతలు. అప్పుడు, మొదటిసారి, బకెట్ లేని చోట, అంతమంది చూస్తుండగా, ఆమె నోటివెంట ఆ శబ్దం వచ్చింది.

"అబ్బా!"

"ఆఁ, అదీ మాట!" అంది కోచమ్మ, విద్యార్థి సరైన జవాబు చెప్పినప్పటి సంతోషంతో. "మంటగా ఉందా?"

"ఉందండీ" అంది ఆమె. చెప్పాక ఆశ్చర్యంగా ఇంకోసారి అంది. "బాగా మంటగా ఉంది."

వెళ్ళేముందు కోచమ్మ అందరినీ కొళాయి దగ్గర వరసగా నిలబెట్టింది. గుండ్ల మసి, సీసపు పొడి వేళ్ళకి అంటుకుని ఉంటాయి, ఇంటికెళ్ళి ఏదీ తినకముందే, ముఖం ముట్టుకోకముందే, చన్నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కోవాలన్నది అక్కడి నియమం. ఆమె కడుక్కుంటోంది. రోజూ ఎన్నిసార్లు నీళ్ళలో ఉంటాయో ఆ చేతులు! గిన్నెల కోసం, బట్టల కోసం, నేల కోసం. చేతుల కోసం చేతులు కడుక్కోవడం ఎప్పుడు జరిగిందో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. వెనక వరస పెరిగిపోతున్నా ఇంకాసేపు కడుక్కుంది.

పోటీలకి ఇంకా చాలా వారాలున్నాయి. ఆ తర్వాత శనివారాలు వచ్చాయి, వెళ్ళింది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో వేలికే తెలిసింది. గుండ్లు ఇసుకని వదిలి కాగితాన్ని వెతుక్కోవడం నేర్చుకున్నాయి. సొంతానికి ఓ కళ్ళజోడు కొనుక్కుంది. నూనెలో కూరముక్కలు వేస్తే చిటపటమని ముఖం మీదకి ఎగిరే చుక్కలకి ఎప్పుడూ తల పక్కకి తిప్పి, ఒక కన్ను మూసి, యుద్ధంలో వెనకడుగు వేస్తున్న సిపాయిలా వండేది. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని మూకుడు ముందు నిటారుగా నిలబడింది. ఉల్లిపాయలు తరిగితే కన్నీరు రాలేదు. ఇన్నాళ్ళూ వంటింట్లో తడిసిన కళ్ళు ఉల్లిపాయల పద్దులో పోయేవి గనక, ఇప్పుడు ఏడవాలంటే వేరే సాకు వెతుక్కోవాలి. ఆశ్చర్యం, అవసరం కూడా అంతగా రావడంలేదు.

"వదినా, రాకెట్ ఎన్నింటికి ఎగురుతుంది?" అన్నాడు మరిది తొంగిచూసి.

"కూరలో ఉప్పు సరిపోగానే" అంది.

ఓరోజు భర్త ఆ జోడు పెట్టుకుని స్కూటర్ మీద బజారుకెళ్ళబోయాడు. "దుమ్ము పడకుండా భలే ఉందోయ్, నాకుంచెయ్" అన్నాడు. ఆమె తడిచెయ్యి తుడుచుకుని, దగ్గరకొచ్చి, మెల్లిగా ఆయన ముఖం మీంచి జోడు తీసుకుంది. "నాదండీ. మీక్కావాలంటే షాపు చెప్తాను." ఆయన, ఇంట్లో కుర్చీ లేచి మాట్లాడినంత వింతగా చూశాడు. తర్వాత షాపెక్కడో అడిగాడు.

ఈలోపు మరిదికి పెళ్ళి కుదిరింది. పిల్ల, పిల్ల అమ్మానాన్నా ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. అత్తగారి ఆనందం పట్టశక్యంగా లేదు. "అమ్మాయ్, అన్నీ వేడివేడిగా ఉండాలి. కథ నేను చెప్తాను. నేను అనగానే నువ్వు పెద్దగిన్నె పొయ్యి మీంచి తిన్నగా బల్ల మీదకి తేవాలి. వాళ్ళు గుడ్లప్పగించాలి" అంది. కాసేపాగి, "చిన్నదానికీ నేర్పుదువుగానీలే. నీ దగ్గర నాలుగు రోజులుంటే దాని చేతులూ గట్టిపడతాయి" అంది.

అప్పటిదాకా ఆమె తలాడిస్తూనే ఉంది. ఆ చివరిమాట దగ్గర ఆగిపోయింది. ఇంకా అడుగుపెట్టని ఆ పిల్ల చేతులు ఎలా ఉంటాయో ఆమెకి తెలీదు. కానీ ఎలా అవుతాయో తెలుసు. తాను ఇన్నేళ్ళు కిక్కురుమనకుండా దించిన గిన్నెలన్నీ వరసకట్టి ఆ పిల్ల వైపు నడుస్తున్నట్టు కనిపించింది. తన మౌనం తన ఒక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళూ. అది ఇంట్లో పాతుకుపోయి, ఇంకొకరికి పాఠమయ్యేదాకా వచ్చిందని ఇప్పుడు తెలిసింది.

శనివారం రేంజ్ నుంచి వస్తూ వంటసామాను షాపు ముందు ఆగింది. రేంజ్ గ్లవ్స్ పొయ్యికి పనికిరావని స్టోర్స్ మేడమ్‌కి ఒకరు చెప్పాలా? వేడికి ఆగే మందపాటి దూది గ్లవ్స్ అడిగింది. ఒక జత చిన్నవి తీసుకుంది. ఆగి, "పెద్ద సైజువి కూడా ఇవ్వండి" అంది.

"ఎవరికమ్మా?" అన్నాడు షాపతను.

"ఎవరి చేతికి పడితే వాళ్ళకి."

ఇంటికొచ్చి, విరిగిన పట్టకారు ఒకప్పుడు వేలాడిన మేకుకి రెండు జతలూ తగిలించింది.

ఆదివారం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కాబోయే వియ్యంకుడు మాట తక్కువ మనిషి, వియ్యపురాలు ఆ లోటు తీర్చేస్తోంది. పెళ్ళికూతురు కాబోయే పిల్ల కుర్చీ అంచున కూర్చుని, ఏం పట్టుకుంటే ఏం ఒలుకుతుందోనన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అత్తగారు గొంతు సవరించుకుంది. ఈసారి కథలో వంటింటికి నిప్పంటుకుంది. మంటల్లోంచి పెద్దకోడలు ఒంటిచేత్తో పొయ్యి మొత్తం ఎత్తుకొచ్చి పెరట్లో పెట్టిందట, దాని మీద కూర మాడకుండా!

"అమ్మాయ్, గిన్నె!"

వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. చేతుల్లో గిన్నె లేదు. పెళ్ళికూతురు కాబోయే పిల్ల కళ్ళింత చేసుకుని అడిగింది.

"అక్కా, నిజంగానే మీ చేతులు కాలవా?"

ఆమెకి చెవుల డిప్పలు పెట్టుకున్నప్పటిలా తన ఊపిరి తనకి వినిపించింది. ఊపిరి సగం వదిలి, పట్టు సడలకుండా, మెల్లిగా నొక్కాలి. కోచమ్మ చెప్పింది తుపాకి గురించే.

"కాలతాయమ్మా" అంది. "మొదటిరోజు నుంచీ కాలుతూనే ఉన్నాయి."

మరిది నవ్వబోయి మానుకున్నాడు. భర్త ఆమె ముఖం వంకా, చేతుల వంకా, మళ్ళీ ముఖం వంకా చూశాడు. "మరి... ఇన్నేళ్ళూ ఒక్కమాటన్నా చెప్పలేదేం?"

"చెప్పానండీ. ప్రతిసారీ చెప్పాను. పెరట్లో బకెట్‌కి చెప్పాను."

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. నోరు మూతపడటమన్నది ఎరగని అత్తగారి గొంతు సన్నగిల్లిపోయింది. బల్ల మీది నీళ్ళగ్లాసుని అటూ ఇటూ జరుపుతూ, ఎవరి వంకా చూడకుండా అంది.

"ఆ బకెట్ నింపేది నేనేనే."

గ్లాసు ఇంకో అంగుళం జరిగింది.

"రోజూ నింపేదాన్ని, చుట్టాలొస్తున్నారంటే ముందు అదే. చల్లగా ఉండాలని నీడలోకి జరిపేదాన్ని. మా అత్త నాకు బకెట్ కూడా పెట్టలేదు. నేను పెడుతున్నానుగా, అదే గొప్ప అనుకున్నాను."

తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ తెలుసు. ఆమెకి ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది, ఒక్కసారిగా ఆవిడ మీద జాలీ వేసింది. ఈ రెండూ ఒకే గిన్నెలో ఎలా ఉడుకుతాయో ఆమెకి అర్థం కాలేదు. కథ చెప్పే నోరూ నీళ్ళు నింపే చెయ్యీ ఒకరివే. తెలిసి కాల్చింది. తెలిసి చల్లార్చింది. ఏది ముందు లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోవడానికి చాలా శనివారాలు పడతాయి. ఫర్వాలేదు, ఇప్పుడు శనివారాలు తనవి.

"ఇక నింపకండి అత్తయ్యా" అంది.

లోపలికి వెళ్ళి, మేకుకున్న పెద్ద జత తెచ్చి భర్త ముందు పెట్టింది. "గిన్నె పొయ్యి మీదుంది. మరీ ఒంపకుండా, రెండు చేతులా పట్టుకోండి."

కాబోయే చుట్టాల ముందు ఆయన కాదనలేకపోయాడో, ఆ గ్లవ్స్ చూస్తే నిజంగానే వేసుకోవాలనిపించిందో, లేచాడు. మల్లయుద్ధానికి దిగుతున్నవాడిలా వేళ్ళు ముడిచి తెరిచి వెళ్ళాడు. తెచ్చేటప్పుడు అడుగు తీసి అడుగు వేస్తూ, ముఖం ఎర్రబడి, "జరగండి, జరగండి, వేడి!" అని అందరినీ హెచ్చరిస్తూ తెచ్చాడు. అంత మందం గ్లవ్స్‌లో కూడా ఆయనకి సెగ తెలిసింది. గిన్నె పెట్టి, గ్లవ్ విప్పి, అరచేయి చూసుకున్నాడు. తర్వాత భార్య చెయ్యి చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటనే మనిషి ఏమీ అనకపోవడం ఆమెకి నచ్చింది. పెళ్ళికూతురు కాబోయే పిల్ల ఒళ్ళోంచి చేతులు తీసి బల్ల మీద పెట్టుకుంది.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు పెరట్లోకెళ్ళి నీలం బకెట్‌లో నీళ్ళన్నీ మొక్కల కుండీలకి పోసేసింది. బకెట్ బోర్లించి, దాని మీదే కూర్చుని, పక్కింటావిడని పిలిచి గోడ మీంచి కబుర్లలో పడింది. కూతవేటు దూరం వినిపించే గొంతు మళ్ళీ వచ్చేసింది.

"మా పెద్దకోడలి చేతులు ఎంత సుకుమారమనుకున్నారు! ఎండ కాదండీ, వెన్నెల తగిలినా బొబ్బలెక్కుతాయి! అందుకే మావాడు గిన్నెలు ముట్టుకోనివ్వడు!"

వంటింట్లో కళ్ళజోడు తుడుచుకుంటున్న ఆమెకి నవ్వాగలేదు. వెళ్ళి సరిదిద్దుదామా అని ఒక్క క్షణం అనుకుంది, మానుకుంది. అదీ అబద్ధమే. కానీ ఈ అబద్ధంలో గిన్నె మోసేది తను కాదు.